గోల్ఫ్ యాత్ర: పాత స్నేహాలు, కొత్త లెక్కలు

బంధువుల పెళ్లికి సెలవు దొరకనివాళ్లు, ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా, తర్వాత మాట్లాడతా’ అని పెట్టేసేవాళ్లు కూడా ఆ వారానికి మాత్రం ఠంచనుగా దిగిపోతారు. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ లాంటి చోట్ల పాత మిత్రులు ఏడాదికోసారి కలిసి గోల్ఫ్ యాత్రకు వెళ్లడం గట్టి ఆనవాయితీ. అదే గుంపు, అవే జోకులు, అదే పందెం గొడవ. కాలేజీలో కలిసి క్రికెట్ ఆడినవాళ్లు యాభై దాటాక ఒకే మైదానంలో పోటీ పడలేరు. ఒకడికి మోకాలు, ఇంకొకడికి నడుము. గోల్ఫ్‌కి ఆ ఇబ్బంది తక్కువ. ఈ ఆటలో లెక్కలూ పందేలూ చాలావరకు సరిజోడు కాని స్నేహితులు సరదాగా తలపడటానికి పుట్టినవే. అలాంటి విశేషాలు కొన్ని చూద్దాం.

ఆట మూడు నిమిషాలు, కబుర్లు నాలుగు గంటలు

ఒక రౌండ్ అంటే 18 హోల్స్. ప్రతి హోల్‌లోనూ బంతిని మొదట కొట్టే చోటు ‘టీ’, చివర గుంట ఉండే నున్నటి పచ్చిక ‘గ్రీన్’. చేయి తిరిగిన ఆటగాడు ఎన్ని షాట్లలో ముగించాలో చెప్పే అంకె ‘పార్’. మొత్తం మైదానానికి మామూలుగా 72. వారాంతాల్లో ఆడే మనిషి 90 దాకా కొడతాడనుకుందాం. ఒక్కో షాట్‌కి కర్ర ఊపేందుకు రెండు సెకన్లు వేసుకున్నా, అసలు ఆట మూడు నిమిషాల్లో అయిపోతుంది. నలుగురి జట్టు రౌండ్ పూర్తి చేయడానికి మాత్రం నాలుగు గంటల పైనే పడుతుంది. మిగిలిన సమయమంతా ఎనిమిది, పది కిలోమీటర్ల నడక, దాంతోపాటు పిల్లల చదువులు, బీపీ మాత్రలు, పాత మాస్టార్ల ముచ్చట్లు.

ఆవుల మేత బీడులో అమెరికా గోల్ఫ్

1888 ఫిబ్రవరి 22న న్యూయార్క్ దగ్గరి యాంకర్స్‌లో జాన్ రీడ్ అనే స్కాట్లండ్ వలసదారు తన స్నేహితులను ఆవుల మేత బీడులోకి పిలిచాడు. అక్కడ మూడంటే మూడే హోల్స్ తవ్వించాడు. కర్రలూ బంతులూ స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ నుంచి తెచ్చిపెట్టింది చిన్ననాటి మిత్రుడు రాబర్ట్ లాక్‌హార్ట్. ఉన్నది ఒకే సెట్టు. ఇద్దరు ఆడుతుంటే మిగతావాళ్లు చూస్తూ నిలబడ్డారు. అదే ఏడాది నవంబరు 14న రీడ్ ఇంట్లో సమావేశమై సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ క్లబ్ పెట్టారు. 1892లో ఈ బృందం ఒక యాపిల్ తోటకు మారింది. కోట్లూ భోజనం బుట్టలూ ఓ చెట్టుకు తగిలించి ఆడేవారు కాబట్టి వాళ్లకు ‘యాపిల్ ట్రీ గ్యాంగ్’ అని పేరు స్థిరపడిపోయింది. అమెరికాలో నేటికీ నడుస్తున్న గోల్ఫ్ క్లబ్బుల్లో అతి పాతవాటిలో ఒకటి ఈ గ్యాంగ్ పెట్టిందే.

గోల్ఫ్ స్నేహం ప్రాణం నిలిపింది

రాతపూర్వకంగా దొరికిన తొలి గోల్ఫ్ నిబంధనలు 1744 నాటివి. ఎడిన్‌బరో పక్కన లీత్‌లో ఆడే పెద్దమనుషుల బృందం 13 సూత్రాలు రాసుకుంది. వెండి కర్ర బహుమతిగా జరిగిన ఆనాటి పోటీలో గెలిచినవాడు జాన్ రాట్రే అనే సర్జన్. మరుసటి ఏడాదే స్కాట్లండ్‌లో తిరుగుబాటు లేచింది. రాట్రే తిరుగుబాటుదారుల వైపు వైద్యుడిగా వెళ్లాడు. 1746లో కలోడెన్ యుద్ధంలో వాళ్లు ఓడిపోవడంతో పట్టుబడ్డాడు. తల పోవాల్సిన నేరమది. అతడి కోసం ప్రభుత్వం దగ్గర మాట సాయం చేసినవాడు స్కాట్లండ్ అత్యున్నత న్యాయమూర్తి డంకన్ ఫోర్బ్స్. ఆయన రాజకీయంగా అవతలి పక్షం. లీత్ మైదానంలో మాత్రం రాట్రేతో కలిసి ఆడిన జతగాడు. విడుదలయ్యాక రాట్రే మళ్లీ ఆడి, 1751లో వెండి కర్ర మరోసారి గెలిచాడు.

గురువూ శిష్యుడూ సమానమే

ఈ యాత్రలు ఏళ్ల తరబడి సాగడానికి అసలు కారణం ‘హ్యాండిక్యాప్’. ఆడిన చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 తీసి, ఆయా మైదానాల కష్టాన్ని కలిపి సగటు వేస్తే వచ్చే అంకె ఇది. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి. గరిష్ఠం 54. అంకె ఎంత చిన్నదైతే ఆటగాడు అంత గట్టివాడు.

ఇది పనిచేసే తీరు చూడండి. రవి హ్యాండిక్యాప్ 8, శీను హ్యాండిక్యాప్ 26 అనుకుందాం. తేడా 18. హోల్స్ కూడా 18. అంటే ప్రతి హోల్‌లోనూ శీనుకు ఒక షాట్ మాఫీ. ఏడో హోల్‌ని రవి నాలుగు షాట్లలో, శీను అయిదు షాట్లలో ముగిస్తే ఇద్దరూ సమం. శీను కూడా నాలుగులోనే ముగిస్తే గెలుపు అతనిదే. మరి తేడా పదే అయితే? స్కోర్‌కార్డులో హోల్స్‌కి కష్టాన్ని బట్టి 1 నుంచి 18 దాకా వరుస వేసి ఉంటుంది. కఠినమైన మొదటి పదింటిలో మాఫీ దొరుకుతుంది.

తీరా యాత్రకు ముందు కావాలని చెత్తగా ఆడి, హ్యాండిక్యాప్ పెంచుకుని వచ్చే ఘనుడు ఏ గుంపులోనైనా ఒకడుంటాడు. రాత్రి భోజనాల దగ్గర రాజుకునే రభసకు మూలపురుషుడు సాధారణంగా వాడే.

డాక్టరు గారి మందు

ఒకే ఒక్క హోల్‌లో బంతి ఇసుక గుంటలో ఇరుక్కుని పదో పన్నెండో షాట్లు పోతే, రోజంతా పాడైనట్టే. ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌కి చెందిన డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ ఈ రోగానికి మందు కనిపెట్టారు. ఆయన పద్ధతిలో షాట్లు లెక్కపెట్టరు, పాయింట్లు ఇస్తారు. హ్యాండిక్యాప్ మాఫీ పోను పార్ కొడితే 2, ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తక్కువైతే 3, రెండు తక్కువైతే 4. ఎంత ఘోరంగా ఆడినా ఆ హోల్‌కి సున్నానే, అంతకన్నా దిగదు. బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి నడవొచ్చు. 1932లో వాలసీలో తొలి పోటీ జరిగింది. నేడు స్నేహితుల గుంపుల్లో మహా ప్రాచుర్యం ఉన్న పద్ధతుల్లో ఇదొకటి. వెనకొచ్చే జట్టు కూడా ఆయనకు రుణపడి ఉండాలి, ఎందుకంటే ఆట చకచకా కదులుతుంది.

పరువు దక్కించే పందెం

గోల్ఫ్ పందేల్లో రారాజు ‘నసావ్’. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని నసావ్ కంట్రీ క్లబ్‌లో 1900 ప్రాంతంలో పుట్టింది. ఇందులో ఒకే ఆటకు మూడు పందేలు: మొదటి తొమ్మిది హోల్స్ ఒకటి, చివరి తొమ్మిది ఒకటి, మొత్తం 18కి ఒకటి. ఎంత చిత్తుగా ఓడినా లెక్క 3–0 దాటదు. తమ ఓటమి అంకెలు పేపర్లలో పడుతున్నాయని పెద్దమనుషులు నొచ్చుకోవడంతో ఈ ఉపాయం వచ్చిందని చెబుతారు. మొదటి సగం నాశనమైనవాడికి రెండో సగంలో మళ్లీ ఆశ పుట్టించడం దీని అసలు కిటుకు.

తోడేలు ఎవరు?

నలుగురు ఆడే ‘వుల్ఫ్’ పందెం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ప్రతి హోల్‌కీ ఒకరు తోడేలు. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే మొదటి షాట్ కొడుతుంటే తోడేలు చూస్తుంటాడు. ఎవరి షాట్ నచ్చితే వాడిని అక్కడికక్కడే జతగాడిగా ఎంచుకోవాలి. తర్వాతివాడు కొట్టేదాకా ఆగితే ఆ అవకాశం పోయినట్టే. మొదటివాడి షాట్ ఫర్వాలేదు, రెండోవాడిది ఇంకా బాగుంటుందేమోనని ఆగాడు, వాడేమో నేరుగా చెరువులోకి కొట్టాడు... ఇక ముగ్గురి నవ్వులూ తోడేలు మీదే. ఎవరూ నచ్చకపోతే ఒంటరిగా ముగ్గురితో తలపడొచ్చు. గెలిస్తే రెట్టింపు, ఓడినా రెట్టింపే. ముప్ఫై ఏళ్ల స్నేహితుణ్ని పక్కన పెట్టి నిన్నగాక మొన్న గుంపులో చేరినవాణ్ని ఎంచుకుంటే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా!

విత్తనాల వ్యాపారి కప్పు

పన్నెండు మంది ఉన్న గుంపు రెండు జట్లుగా చీలి, తమ యాత్రకు ‘మా రైడర్ కప్’ అని పేరు పెట్టుకోవడం సర్వసాధారణం. అసలు రైడర్ కప్ పెట్టిన శామ్యూల్ రైడర్ ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్‌లో పూలమొక్కల విత్తనాలు పెన్నీకో పొట్లం చొప్పున అమ్మి గడించాడు. గోల్ఫ్ పట్టింది యాభై ఏళ్ల వయసులో, ఆరోగ్యం కోసం. 1927లో అమెరికా, బ్రిటన్ ఆటగాళ్ల మధ్య తొలి పోటీ జరిగింది. బంగారు కప్పు మీద నిలబడి ఉండే బొమ్మ ఆయనకు ఆట నేర్పిన గురువు ఏబ్ మిచెల్‌ది. ఇప్పుడు ఒక్కో జట్టుకు 12 మంది, మూడు రోజులు, 28 పాయింట్లు. స్నేహితుల గుంపులు కాపీ కొట్టేది ఈ చట్రాన్నే.

‘చాల్లే, తీసుకో’

బంతి గుంటకు మరీ దగ్గరగా ఉంటే ‘కొట్టక్కర్లేదు, పడినట్టే లెక్క’ అని ప్రత్యర్థి వదిలేయడాన్ని ‘గిమ్మీ’ అంటారు. హోల్ వారీగా గెలుపోటములు తేల్చే ‘మ్యాచ్ ప్లే’లో దీనికి నిబంధనల అనుమతి ఉంది. మొత్తం షాట్లు లెక్కించే ‘స్ట్రోక్ ప్లే’లో లేదు. చరిత్రలో ఘనమైన గిమ్మీ 1969 రైడర్ కప్‌ది. బ్రిటన్‌కి చెందిన టోనీ జాక్లిన్‌కి చివరి హోల్‌లో రెండడుగుల పైచిలుకు దూరం మిగిలింది. తప్పితే బ్రిటన్ ఓటమి. ప్రత్యర్థి, అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ ఆ పరీక్ష పెట్టకుండా బంతిని వదిలేశాడు. 16–16తో కప్పు చరిత్రలో తొలి టై. అమెరికా కెప్టెన్ శామ్ స్నీడ్‌కి ఇది అస్సలు నచ్చలేదు. నిక్లాస్, జాక్లిన్ మాత్రం తర్వాత ఫ్లోరిడాలో కలిసి ఒక గోల్ఫ్ మైదానం తీర్చిదిద్దారు. దాని పేరు ‘ది కన్సెషన్’.

బిల్లు గెలిచినవాడిదే

మన దగ్గర ఓడినవాడు టీ ఇప్పిస్తాడు. అమెరికాలోని ఆగస్టాలో తంతు తిరగబడుతుంది. మాస్టర్స్ టోర్నమెంట్ పాత విజేతలంతా ఏటా పోటీ వారంలో మంగళవారం రాత్రి కలిసి భోంచేస్తారు. వంటకాలు ఎంచేదీ బిల్లు కట్టేదీ కిందటేడు గెలిచినవాడే. 1952లో బెన్ హోగన్ మొదలుపెట్టిన సంప్రదాయమిది. టైగర్ వుడ్స్ తొలిసారి చీజ్‌బర్గర్లు పెట్టించాడు. స్కాట్లండ్‌వాడైన శాండీ లైల్ తమ ‘హ్యాగిస్’ వడ్డించాడు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు కైమా కొట్టి ఓట్స్‌తో కలిపి చేసే వంటకమది. విజేతకు ఆకుపచ్చ కోటు తొడిగే ఆచారం 1949 నుంచి ఉంది. దాన్ని చూసే ఎన్నో స్నేహితుల గుంపులు కళ్లు చెదిరే రంగుల కోటు ఒకటి కుట్టించి, తమ విజేత చేత ఏడాదంతా మోయిస్తుంటాయి.

అన్నిటికీ పుట్టిల్లు

గోల్ఫ్ గుంపులు జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలనుకునే చోటు స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్. అక్కడి ఓల్డ్ కోర్స్ ఏ కోటీశ్వరుడి సొత్తూ కాదు, ప్రజలది. చాలామందికి ఆడే అవకాశం లాటరీలోనే దక్కుతుంది. రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే డ్రా తీస్తారు. ఆదివారం ఆట ఉండదు. మైదానానికి ఆ రోజు విశ్రాంతి. ఊరివాళ్లు కుక్కల్ని వెంటబెట్టుకుని, ఫెయిర్‌వేలు అనే పచ్చిక బాటల మీద షికారు చేస్తారు.

అక్కడ ఏడు గ్రీన్‌లు జంట గ్రీన్‌లు. ఒకే పచ్చిక మీద రెండు హోల్స్ జెండాలుంటాయి. ఆ జంట అంకెలు ఎప్పుడు కూడినా 18 వస్తుంది: 2–16, 3–15, 4–14, 5–13, 6–12, 7–11, 8–10. రౌండ్‌కి 18 హోల్స్ అన్న లెక్కకూ మూలం ఇక్కడే. మొదట రౌండ్‌కి 22 ఉండేవి. 1764లో చిన్నవాటిని కలిపేసి 18 చేశారు. మిగతా ప్రపంచం అదే దారి పట్టింది.

చివరి హోల్‌లో వాగు మీద ఉండే చిన్న రాతి వంతెన ‘స్విల్కన్’ దగ్గర ఫొటో దిగకుండా ఎవరూ తిరిగి రారు. ఫొటోల తాకిడికి నేల పాడవుతోందని 2023 ఫిబ్రవరిలో వంతెన ముందు గుండ్రంగా బండలు పరిచారు. ప్రపంచం నలుమూలల నుంచీ గోల్ఫర్లు గగ్గోలు పెట్టడంతో రోజుల్లోనే పీకేశారు.

కార్లోనే జాగారం

న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని బెత్‌పేజ్ బ్లాక్ ప్రభుత్వ పార్కులో ఉన్న మైదానం. గోల్ఫ్ యూఎస్ ఓపెన్ 2002లో, 2009లో అక్కడే జరిగింది. 2025లో రైడర్ కప్ కూడా అక్కడే. అంతటి మైదానంలో ఎవరైనా ఆడొచ్చు. కాకపోతే ముందే బుక్ చేసుకోనివాళ్లు పార్కింగ్‌లో అంకెలు వేసిన చోట కారు నిలిపి, రాత్రంతా అందులోనే పడుకుని వరుస కాపు కాయాలి. స్నేహితుల బ్యాచ్‌లకు ఆ జాగారం కూడా యాత్రలో భాగమే. తెల్లారి మొదటి టీ దగ్గరకు వెళ్లేసరికి ఒక బోర్డు పలకరిస్తుంది. ఇది బాగా కష్టమైన మైదానం, ఆటలో ఆరితేరినవాళ్లకే తగినదని దాని సారాంశం. దాని పక్కన నిలబడి ఫొటో దిగి, తొలి బంతిని పొదల్లోకి కొట్టేవాళ్లే ఎక్కువ.

బండి ఎక్కకూడదు

అమెరికా పశ్చిమ తీరంలో ఒరెగాన్ రాష్ట్రపు సముద్రపు ఒడ్డున ఉంది బ్యాండన్ డ్యూన్స్. పెద్ద నగరాలకు గంటల దూరం. రీసైకిల్ చేసిన కాగితంతో గ్రీటింగ్ కార్డులు అమ్మి సంపాదించిన మైక్ కైజర్ 1999లో దీన్ని తెరిచాడు. గోల్ఫ్ బండ్లకు ఇక్కడ ప్రవేశం లేదు. ఆరోగ్య కారణాలున్నవాళ్లకే మినహాయింపు. మిగతావాళ్లంతా గాలికి ఎదురీదుతూ నడవాల్సిందే. ఇంత మూలన ఉన్న చోటుకు ఎవరొస్తారని పెదవి విరిచినవాళ్లకు సమాధానంగా ఇప్పుడక్కడ 18 హోల్స్ మైదానాలు అయిదున్నాయి.

దీనికి పూర్తిగా భిన్నం దక్షిణ కరోలినాలోని మర్టిల్ బీచ్. ఒక్క ఆ ప్రాంతంలోనే ఎనభై దాకా మైదానాలు. చవక గదులు, రోజుకో మైదానం, రాత్రి సముద్ర తీరంలో విందు. 1984 నుంచి అక్కడ ఏటా జరిగే హ్యాండిక్యాప్ పోటీకి వేల మంది మామూలు ఆటగాళ్లు తరలివస్తారు.

వాతావరణ శాఖ మేకలు

ఐర్లండ్‌లో లాహించ్ అనే సముద్ర తీర మైదానం ఉంది. అక్కడి మేకలు వాన రాకడ పసిగట్టి క్లబ్ భవనం దగ్గరకు చేరతాయి, ఎండ కాసే రోజు దూరంగా ఇసుక దిబ్బల్లోకి వెళ్లి మేస్తాయి. గోడకున్న వాతావరణ పరికరం చెడిపోతే, ‘మేకల్ని చూసుకోండి’ అనే అర్థంలో దానికో చీటీ కట్టారు. క్లబ్ చిహ్నం కూడా మేకే. స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న బ్రోరాలో గొర్రెలూ ఆవులూ మైదానంలోనే మేస్తాయి. గ్రీన్‌ల చుట్టూ సన్నటి కరెంటు తీగ కట్టి ఉంటుంది. బంతిని గుంటలోకి నెట్టే ‘పుట్’ కొట్టడానికి దాన్ని దాటుకుని వెళ్లాలి.

1,365 కిలోమీటర్ల మైదానం

కారు యాత్రా గోల్ఫూ ఒక్కటైపోయిన చోటు ఆస్ట్రేలియాలోని నల్లార్బర్ లింక్స్. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని సెడూనా నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాలోని కల్‌గూర్లీ దాకా హైవే పొడవునా, ఊరికొకటి, దాబా లాంటి మజిలీకొకటి చొప్పున 18 హోల్స్ పరిచారు. మొత్తం 1,365 కిలోమీటర్లు. 2009లో మొదలైంది. చాలా హోల్స్ మధ్య పదుల కిలోమీటర్ల డ్రైవింగ్. ఒక రౌండ్‌కి మూడు నాలుగు రోజులు సులువుగా పడుతుంది. ఒక కారులో ముగ్గురు మిత్రులు అన్ని రోజులు కలిసి ఉండి, చివర్లో ఇంకా మాట్లాడుకుంటుంటే అది నిజమైన స్నేహమే.

ఇంకొన్ని వింత మైదానాలు

స్వీడన్, ఫిన్లండ్ సరిహద్దు మీద ఉన్న టోర్నియో మైదానంలో ఒక దేశంలో కొట్టిన బంతి మరో దేశంలో పడుతుంది. ఆ దేశాల గడియారాలకు గంట తేడా. కాబట్టి బంతి గంటసేపు గాల్లో ఉందని గప్పాలు కొట్టుకోవచ్చు.

బ్యాంకాక్ డాన్ మువాంగ్ విమానాశ్రయంలో రెండు రన్‌వేల మధ్య ఉంది కాంతరాత్ మైదానం. విమానం వస్తుంటే ఎర్ర దీపం వెలుగుతుంది, ఆటగాళ్లు ఆగిపోవాలి.

జపాన్‌లో తొమ్మిది హోల్స్ అవగానే ఆట ఆపి తీరిగ్గా కూర్చుని భోంచేస్తారు. రౌండ్ పూర్తయ్యాక సామూహిక వేడినీటి స్నానం.

నేరుగా గుంటలో పడితే ఖర్చే ఖర్చు

తొలి షాటే నేరుగా గుంటలో పడితే ‘హోల్ ఇన్ వన్’. మామూలు ఆటగాడికి ఇది దక్కే అవకాశం 12,500లో ఒకటని అమెరికాలో వాడుకలో ఉన్న అంచనా. జపాన్‌లో మాత్రం ఆ అదృష్టం తలుపు తడితే జేబు చూసుకోవాలి. తోటి ఆటగాళ్లకు విందు, బంధుమిత్రులకు కానుకలు, కర్రల సంచి మోసే క్యాడీకి బహుమానం, మైదానంలో గుర్తుగా ఒక మొక్క... ఇవన్నీ కొట్టినవాడి ఖర్చే. అందుకే అక్కడ బీమా కంపెనీలు హోల్ ఇన్ వన్‌కి పాలసీలు అమ్ముతాయి.

బాంబులు పడుతున్నా ఆట ఆగలేదు

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, లండన్ శివార్లలోని రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్ తాత్కాలిక నిబంధనలు ప్రకటించింది. బాంబు ముక్కలు కనిపిస్తే గడ్డి కోసే యంత్రాలు పాడవకుండా ఏరేయాలి. పోటీ మధ్యలో బాంబులు పడుతుంటే దాక్కోవచ్చు, శిక్ష లేదు. శత్రువు దాడికి బంతి కదిలితే తిరిగి పెట్టుకోవచ్చు. సరిగ్గా షాట్ కొట్టేటప్పుడే బాంబు పేలి గురి తప్పితే మళ్లీ కొట్టొచ్చు, కానీ ఒక షాట్ జరిమానా! బాంబుకైనా జంకలేదు కానీ, సాకులకు మాత్రం తావివ్వలేదు.

చంద్రుడి మీదా రెండో అవకాశం

తొలి షాట్ చెడితే స్నేహితులు దయతలచి ఇచ్చే రెండో అవకాశం ‘మల్లిగన్’. అధికారిక నిబంధనల్లో దీనికి చోటు లేదు, యాత్రల్లో మాత్రం ప్రతి ఒక్కరి హక్కు. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద రెండు బంతులు కొట్టాడు. మట్టి నమూనాలు తీసే పరికరానికి గోల్ఫ్ కర్ర తలను బిగించి, బరువైన సూటు వల్ల ఒంటిచేత్తో ఊపాడు. రెండో బంతి మైళ్ల దూరం పోయిందని గొప్పగా చెప్పాడు. 2021లో పాత ఫొటోలను శుభ్రపరిచి కొలిస్తే మొదటిది 24 గజాలు, రెండోది 40 గజాలే వెళ్లాయని తేలింది. గోల్ఫర్ల గొప్పలకు ఏ గ్రహమైనా ఒకటే.

ఒక్క ముక్కలో

• గుంట వ్యాసం 4.25 అంగుళాలు. 1891లో ఖరారైన ఆ కొలతే నేటికీ ఉంది.

• బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. దాని మీద సొట్టలు ఊరికే పెట్టలేదు. నున్నటి కొత్త బంతికన్నా గీతలు పడ్డ పాత బంతి దూరం పోతోందని ఆటగాళ్లు గమనించాకే అవి వచ్చాయి.

• సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు.

• తప్పిపోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు. అంతకుముందు అయిదు.

• ఫ్లోరిడాలోని సాగ్రాస్ మైదానంలో 17వ హోల్ గ్రీన్ నీటి నడుమ ఉంటుంది. చుట్టూ ఉన్న నీటిలోంచి ఏటా తీసే బంతులు లక్ష దాకా ఉంటాయి.

గోల్కొండ నుంచి నాపా దాకా

బ్రిటిష్ దీవుల బయట అతి పాత గోల్ఫ్ క్లబ్ మన దేశంలోనే ఉంది. 1829లో పుట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ అది. ఎండాకాలం చల్లటి చోటు వెతుక్కునే గుంపులకు 2,600 మీటర్లకు పైన గుల్‌మర్గ్ ఉంది. అక్కడి పలచటి గాలిలో బంతి కాస్త దూరం పోతుంది కాబట్టి అందరూ బలవంతులే. దగ్గరలో కావాలంటే ఊటీ. విశాఖ ముడసర్లోవలోని ఈస్ట్ పాయింట్ క్లబ్‌లోనూ ఆడొచ్చు. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ గోల్కొండ కోట నయా ఖిలాలో ఉంది. ‘హతియాన్ కా ఝాడ్’ అనే వందల ఏళ్ల పేరుమోసిన బావోబాబ్ చెట్టు ఆ పక్కనే.

ఇక తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే పేరు సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 2024 టూర్ చాంపియన్‌షిప్‌లో ఇసుక గుంటలోంచి కొడుతూ కర్రను వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకానేమోనని తనకు తానే చెప్పి రెండు షాట్ల జరిమానా వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికి అంతరం ఆ రెండు షాట్లే. రెండో స్థానానికి కోటీ 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు! యాభై రూపాయల పందెంలో బంతిని కాలితో మెల్లగా జరిపే మిత్రుడికి చెప్పాల్సిన కథ ఇది.

నడిచేవాడికి ఆయుష్షు

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2008లో మూడు లక్షల మంది గోల్ఫర్ల వివరాలు పరిశీలించారు. అదే వయసు, అదే ఆర్థిక స్థాయి ఉన్న మిగతావాళ్లతో పోలిస్తే గోల్ఫర్లలో మరణాల రేటు 40 శాతం తక్కువగా తేలింది. ఆయుష్షులో అది సుమారు అయిదేళ్లకు సమానం. గోల్ఫే కారణమని దీంతో రుజువైపోదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే మైదానానికి వస్తారు కదా! అయినా యాత్రకు ఇంట్లో అనుమతి అడిగేటప్పుడు వాడుకోవడానికి ఈ లెక్క భేషుగ్గా పనికొస్తుంది.

16 మంది, అయిదు రోజులు

యాత్ర నడిపే పెద్దకు ఏటా ఒకటే తలనొప్పి: ఎవరిని ఎవరితో ఆడించాలి? గణితంలో దీనికి ‘సోషల్ గోల్ఫర్ ప్రాబ్లం’ అని పేరే ఉంది. నలుగురేసి జట్లుగా ఆడుతూ, ఏ ఇద్దరూ రెండోసారి కలవకుండా ఎన్ని రోజులు నెట్టుకురావచ్చు? 12 మందితో లెక్క పూర్తిగా కుదరదు. ఒక్కొక్కరికి మిగతావాళ్లు 11 మంది, రోజుకు కలిసేది ముగ్గురు, 11ని మూడు భాగించదు. 32 మంది వారానికోసారి ఆడితే గరిష్ఠం పది వారాలు. అది తేలడానికి గణితజ్ఞులకు కొన్నేళ్లు పట్టింది. 16 మందికి మాత్రం ముచ్చటగా కుదురుతుంది. అయిదు రోజుల్లో ప్రతి ఒక్కరూ మిగతా 15 మందితోనూ సరిగ్గా ఒక్కోసారి ఆడతారు. పేర్లకు అంకెలు వేసుకుని ఈ పట్టిక వాడుకోండి:

మొదటి రోజు: 1-2-3-4, 5-6-7-8, 9-10-11-12, 13-14-15-16
రెండో రోజు: 1-5-9-13, 2-6-10-14, 3-7-11-15, 4-8-12-16
మూడో రోజు: 1-6-11-16, 2-5-12-15, 3-8-9-14, 4-7-10-13
నాలుగో రోజు: 1-7-12-14, 2-8-11-13, 3-5-10-16, 4-6-9-15
అయిదో రోజు: 1-8-10-15, 2-7-9-16, 3-6-12-13, 4-5-11-14

ఈ పట్టిక ప్రకారం ఎవరూ ఎవరినీ తప్పించుకోలేరు. పోయినేడు పందెం డబ్బు ఎగ్గొట్టి వెళ్లినవాడు కూడా అయిదింట్లో ఏదో ఒక రోజు, ఆ డబ్బు రావాల్సినవాడితో కలిసి నాలుగు గంటలు నడవాల్సిందే.